కరకట్ట మీద సైకిలు

విజయవాడ నుంచి హైదరాబాదు రహదారి మీద పడమరగా పదహారు, పదిహేడు కిలోమీటర్లు వెళితే ఇబ్రహీంపట్నం వస్తుంది. బస్సు ప్రయాణికులకు అది రింగు సెంటరు. భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే 65వ నంబరు రహదారిని వదిలి ఉత్తరానికి తిరుగుతుంది. 1979 నుంచి కరెంటు పుట్టిస్తున్న థర్మల్ కేంద్రం, ఇప్పుడు నార్ల తాతారావు పేరు మీద ఉన్నది, దాని పొగగొట్టాలు ఊరికంటే ముందే కనిపిస్తాయి. బూడిద లారీలు, క్వారీ టిప్పర్లు, కాంక్రీటు బళ్ళు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. సైకిలు మీద నింపాదిగా పల్లెలు చూడాలనుకునేవారు బయల్దేరడానికి ఇంతకంటే పనికిరాని చోటు లేదనిపిస్తుంది.

రహదారి దిగి కృష్ణ వైపు కాస్త పక్కకు జరిగితే ఆ అభిప్రాయం మారుతుంది. అక్కడ ఫెర్రీ అనే ఊరుంది. అవతలి గట్టున ఉన్న తుళ్ళూరు ప్రాంతానికి పడవలు, బల్లకట్టు నడిచిన రేవు కాబట్టి ఇంగ్లీషు మాటే ఊరి పేరై కూర్చుంది. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్ళు పోలవరం కుడి కాలువలో దాదాపు 174 కిలోమీటర్లు నడిచి, వెలగలేరు దగ్గర బుడమేరు మళ్ళింపు కాలువలో పడి, ఈ ఫెర్రీ దగ్గరే కృష్ణలో కలుస్తాయి. 2015లో మొదటిసారి అలా కలిశాయి. మరుసటి ఏడాది ఆగస్టులో వచ్చిన కృష్ణా పుష్కరాలకు ఇక్కడ పెద్ద ఘాటు కట్టి పవిత్ర సంగమం అని పేరు పెట్టారు. నదులను కలపాలని జీవితమంతా చెబుతూ వచ్చిన ఇంజనీరు కె.ఎల్. రావు పుట్టిన కంకిపాడు ఇక్కడికి ముప్ఫై, నలభై కిలోమీటర్ల దూరమే. ఆ ఊరు కూడా సైకిలు దారిలోనే తగులుతుంది.

ఇబ్రహీంపట్నం నిజానికి మూడు రకాల నేలల కూడలి. ఉత్తరాన కొండపల్లి గుట్టలు, వాటి వెనుక మైలవరం, నూజివీడు మామిడి తోటల ఎర్రనేల. దక్షిణాన కృష్ణ, దాని అవతల అమరావతి గట్టు. తూర్పున ప్రకాశం బ్యారేజీ దాటగానే మొదలయ్యే డెల్టా. ఈ మూడింటిలోనూ సైకిలుకు దారి ఉంది. దాన్ని సైకిలు దారి అని ఎవరూ అనరు. ఊళ్ళవాళ్ళకు అది కట్ట, కరకట్ట, గట్టు.

పడవల కోసం వేసిన బాట

ద్రాక్షతోటల నడుమ సైకిలు యాత్ర అనగానే లోకం ముందుగా తలచుకునే దేశం ఫ్రాన్సు. అక్కడ ఆ యాత్రలకు పునాది వేసింది సైకిళ్ళవాళ్ళు కాదు, కాలువలు తవ్వినవాళ్ళు. పియేర్ పాల్ రికే అనే ఉప్పు పన్ను గుత్తేదారు 1666లో మొదలుపెట్టించిన మిదీ కాలువ 1681కి పూర్తయింది. తులూజ్ నగరం నుంచి మధ్యధరా తీరంలోని సెత్ రేవు దాకా 240 కిలోమీటర్లు. లాంగ్‌డాక్ ప్రాంతపు ద్రాక్షసారా పీపాలు పడవలెక్కి ఈ కాలువ మీదనే ఊళ్ళు దాటేవి. పడవలను గుర్రాలు లాగేవి, గుర్రాలు నడవడానికి గట్టున బాట ఉండేది. రైళ్ళు, లారీలు వచ్చి సరుకు పడవలు ఆగిపోయాక గుర్రాల బాట ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి సైకిళ్ళు వచ్చాయి. 1996లో యునెస్కో ఆ కాలువను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బర్గండీలో బోన్ నుంచి సాంతనే దాకా తోటల మధ్య ఇరవై కిలోమీటర్ల పైచిలుకు బాట ఉంది. లువార్ నది వెంట తొమ్మిది వందల కిలోమీటర్ల దారికి అడుగడుగునా గుర్తుల పలకలున్నాయి.

కృష్ణా డెల్టా కథ మొదటి సగం అచ్చం ఇదే. 1832-33 నాటి కరువులో గుంటూరు సీమ దాదాపు ఊడ్చుకుపోయింది. డొక్కల కరువు అని పేరు పడిన ఆ ఏళ్ళ తర్వాతే నదులకు ఆనకట్టలు కట్టాలన్న ఆలోచనకు బలం వచ్చింది. ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరం కట్టించాక, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పని 1852లో చార్లెస్ ఆర్ చేతుల మీదుగా మొదలై 1855లో ముగిసింది. దాని నుంచి తూర్పుకు బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ, పడమర గట్టు నుంచి కొమ్మమూరు కాలువ బయల్దేరాయి. సాగుకు ఎంత అవసరమో పడవలకూ అంతే అవసరమని తవ్విన కాలువలివి. సరుకు మోతకు రైలు కంటే కాలువే చౌక అని కాటన్ ఇంగ్లండు దాకా వెళ్ళి వాదించాడు. కాకినాడలో ఎక్కించిన ధాన్యం ఏలూరు కాలువలో బెజవాడకొచ్చి, కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు చేరేది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులే తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారు. నీటిమట్టం మారేచోట తలుపులు మూసి, నీరు నింపి, పడవను పైకెత్తే లాకులు కట్టారు. పడవలు పోయాయి, లాకుల పేర్లు మాత్రం మిగిలాయి. దుగ్గిరాల లాకులు, కవుతరం లాకులు అంటే ఇప్పటికీ బస్సు కండక్టరు టిక్కెట్టు కొడతాడు.

కథ రెండో సగం ఇక్కడ వేరుగా నడిచింది. పడవలు ఆగిపోయాక కట్ట ఖాళీగా ఉండలేదు. కొన్నిచోట్ల ఇళ్ళు వెలిశాయి, కొన్నిచోట్ల తారురోడ్డు వచ్చింది, కొన్నిచోట్ల తుమ్మచెట్లు ఆక్రమించాయి. 2008లో ఈ కాలువలను 4వ నంబరు జాతీయ జలమార్గమని ప్రకటించారు. కాకినాడ ధాన్యం పడవ బెజవాడ లాకులు దాటే రోజు మాత్రం తిరిగి రాలేదు. కాలినడకన పడవ లాగేవాడి వేగానికి వేసిన ఆ బాటకు ఇవాళ సరిగ్గా సరిపోయే బండి ఏదైనా ఉంటే అది సైకిలే.

జానెడు వాలు

కట్ట మీద తొక్కినవాళ్ళు ముందుగా గమనించేది ఎత్తు. చుట్టూ ఉన్న పొలమంతా కింద, బాట పైన. దీనికి కారణం డెల్టా పుట్టుకలోనే ఉంది. వరద వచ్చినప్పుడల్లా నది తన గట్టున బరువైన ఇసుక, ఒండ్రు ముందు దింపి, సన్నటి బురదను దూరంగా తీసుకుపోతుంది. ఇలా వేల ఏళ్ళు జరిగేసరికి నది, దాని పాత పాయలు చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తులో పారతాయి. ఇంజనీర్లు ఈ ఎత్తు నేలలు వెతికి వాటి వీపు మీదుగా కాలువలు తీశారు. అప్పుడు నీరు మోటరు లేకుండా రెండు పక్కలా చేలలోకి దిగుతుంది. రెండు ఎత్తుల మధ్య పల్లంలో మురుగు కాలువలు తవ్వారు, ఊళ్ళలో వాటిని డ్రెయిన్లంటారు. కాబట్టి కాలువ కట్ట మీద పోయేవాడికి రెండు వైపులా చూపుకు అడ్డు ఉండదు, డ్రెయిను పక్కన పోయేవాడికి జమ్ము, గుర్రపుడెక్క తప్ప ఏమీ కనిపించదు. దారి ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోవలసిన మొదటి తేడా ఇదే.

రెండోది వాలు. బ్యారేజీ దగ్గర నీటి పూర్తి మట్టం సముద్రానికి 57 అడుగుల ఎత్తు, అంటే పదిహేడు మీటర్లకు కాస్త పైన. అక్కడి నుంచి సముద్రం డెబ్బై, ఎనభై కిలోమీటర్లు. కిలోమీటరుకు జానెడు దిగితే చాలు, సముద్రం వచ్చేస్తుంది. ఇంత తక్కువ వాలు కాలికి తెలియదు. గేర్లు లేని బండి, పాలక్యాన్లు కట్టిన పాత నల్ల సైకిలు కూడా ఈ నేల మీద అలసట లేకుండా పోతుంది. డెల్టాలో ప్రతి ఇంటి వసారాలో ఒకప్పుడు సైకిలు ఉండటానికి డబ్బు ఎంత కారణమో ఈ చదును కూడా అంతే కారణం. ఈ ప్రాంతంలో ఎక్కుడు అనదగ్గవి వంతెనలే.

మూడోది గాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం దాటగానే సముద్రం నుంచి పైరగాలి లోపలికి తిరుగుతుంది. తెల్లవారుజామున బందరు వైపు వెళ్ళి, సాయంత్రం వెనక్కి తిరిగితే ఆ గాలి వీపుకు తోడవుతుంది. సమయం తప్పినవాడికి అదే గాలి ఎదురై, చదును నేల మీద కొండెక్కినంత పని పెడుతుంది. జూన్, జులై నెలల్లో పడమటి గాలి, శీతాకాలంలో ఈశాన్యపు గాలి. మే నెలలో బెజవాడ చుట్టుపక్కల 45 డిగ్రీలకు చేరే రోజులున్నాయి కాబట్టి ఉదయం తొమ్మిదిన్నర తర్వాత బండి నీడన ఉండటమే మేలు.

ఏ నెలలో వెళ్ళాలన్నదానికి ఒక్క సమాధానం లేదు. ఏం చూడాలో దాన్ని బట్టి నెల. కాలువలకు నీళ్ళు వదిలేది జూన్, జులైలలో. ఆగస్టుకు నాట్లు పూర్తయి చేలు పలచని ఆకుపచ్చ. అయితే కృష్ణకు వరదొచ్చేదీ అప్పుడే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద తగిలింది. బుడమేరు కట్టలు తెగి విజయవాడలో చాలా భాగం మునిగింది. అలాంటి రోజుల్లో కరకట్ట కాపలాదారులది, యాత్రికులది కాదు. నవంబరు చివర కోతలు. అప్పుడు కట్ట రోడ్డే కళ్ళం. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి, సైకిలు దిగి నడిపించుకు పోవడం మర్యాద. కోతకు ముందే వరి దుబ్బుల మధ్య చల్లిన మినుము జనవరికి చేలను మళ్ళీ పచ్చబరుస్తుంది. మంచు, మినప చేలు, రోడ్డు పక్క తంపట వేసిన తేగలు: డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా నడిచే ఈ కాలమే అన్నిటికంటే మంచిది. ఏప్రిల్ తర్వాత కాలువలు కట్టేస్తారు, అడుగున బురద బయటపడి కట్ట అందం సగం పోతుంది.

మామిడి దారి

ఉత్తరం దారి ఇబ్రహీంపట్నానికి ఆనుకునే ఉన్న కొండపల్లితో మొదలవుతుంది. పద్నాలుగో శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజులు కట్టిన కోట గుట్ట మీద ఉంది. మూడంతస్తుల రాతి కట్టడం ఇంకా నిలబడి ఉంది. డెల్టాలో ఎక్కుడు లేదని చప్పబడిన కాళ్ళకు ఈ ఘాట్ రోడ్డు సరైన పరీక్ష. కింద బొమ్మల కాలనీలో తెల్లపొణికి కర్రను వేడి మీద ఆరబెట్టి, చెక్కి, చేతులూ కాళ్ళూ విడిగా చేసి అతికిస్తారు. అతుకుకు వాడేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు. దశావతారాలు, ఏనుగు అంబారీలతో పాటు తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి బొమ్మ కూడా ఇక్కడ ఎప్పటి నుంచో చేస్తున్నారు. బొమ్మలో చూసిన ఆ మనిషి రెండు రోజుల తర్వాత డెల్టా కట్ట పక్కన మోకు భుజాన వేసుకుని నిజంగానే ఎదురవుతాడు.

కొండపల్లి నుంచి జి.కొండూరు, మైలవరం, అక్కడి నుంచి నూజివీడు, తిరుగుదారిలో ఆగిరిపల్లి, నున్న, విజయవాడ. మొత్తం చుట్టు నూరు కిలోమీటర్ల పైచిలుకు, రెండు రోజుల పని. మైలవరం దాకా రహదారి రద్దీ తప్పదు, దాని తర్వాత నూజివీడు వైపు తిరిగాక తోటలు మొదలవుతాయి. ఫ్రాన్సులో ద్రాక్షకు ఉన్న స్థానం ఇక్కడ మామిడిది. ఇక్కడి వాళ్ళు కాయను నీళ్ళను బట్టీ నేలను బట్టీ గుర్తుపడతారు. ఒకే రకం చిన్నరసం ఎర్రనేలలో ఒక రుచి, నల్లరేగడి తగిలిన చోట ఇంకో రుచి అని పందెం కాసేవాళ్ళున్నారు. బంగినపల్లి కోసి తినేది, రసాలు పిసికి పీల్చేవి, కలెక్టరు కాయ చాలావరకు జ్యూసు ఫ్యాక్టరీలకు పోయేది. ఊరగాయకు పెట్టే కాయల లెక్క వేరే. బర్గండీ రైతు ఒక్కో గట్టుకు ఒక్కో పేరు పెట్టి, ఆ పేరునే సీసా మీద అచ్చు వేసి వందల ఏళ్ళుగా బతికాడు, 2015లో యునెస్కో ఆ గట్లనూ గుర్తించింది. నూజివీడు రసానికి ఊరి పేరే ఉంది, తోట పేరు లేదు. నున్న మార్కెట్టులో లారీ ఎక్కగానే ఆ కాస్త తేడా కూడా కలిసిపోతుంది.

తోటలు చాలావరకు పూత మీదనే గుత్తకు పోతాయి. పూత చూసి ధర కట్టి, కాపు తనదని ఒప్పుకునే వ్యాపారి వర్షానికీ ఈదురుగాలికీ కూడా తానే పూచీ పడతాడు. అందుకే మార్చి వచ్చేసరికి ప్రతి తోటలో కాపలా పాక లేస్తుంది, కంచె పక్కన ఆగిన సైకిలును అనుమానంగా చూస్తారు. పలకరించి, ఊరి పేరు చెప్పి, కాయ కొంటామంటే అనుమానం పోయి గడ్డిలో మగ్గబెట్టిన పళ్ళు బయటికొస్తాయి. ఈ దారికి రెండు కాలాలున్నాయి. జనవరి, ఫిబ్రవరిలో పూత: చలిలో తెల్లవారుజామున తొక్కుతుంటే ఆ వగరు తీపి వాసన కిలోమీటర్ల పొడవునా వదలదు. ఏప్రిల్ చివరి నుంచి కాయ: ఎండ దారుణం, పండు అమృతం. రెండింట్లో పూత కాలమే సైకిలుకు తగినది.

కుడి గట్టు గురించి కొద్దిగా చెబితే చాలు. బ్యారేజీ దాటి సీతానగరం, ఉండవల్లి గుహలు, కరకట్ట మీదుగా వెంకటపాలెం, అమరావతి. స్తూపం, మ్యూజియం, 125 అడుగుల ధ్యానబుద్ధుడు అన్నీ చూడదగ్గవే. రాజధాని పనుల వాహనాల మధ్య ఈ దారి ఏ నెలలో ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఫెర్రీ నుంచి పడవలో సైకిలు దాటించడం ఊళ్ళవాళ్ళకు కొత్త కాదు. 2017 నవంబరు 12న ఈ సంగమం దగ్గరే విహార పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు కాబట్టి లైఫ్ జాకెట్టు లేని పడవ ఎక్కకూడదు.

లంకల పక్కన

డెల్టా దారే అసలు దారి. ఇబ్రహీంపట్నం నుంచి గుంటుపల్లి, గొల్లపూడి, భవానీపురం మీదుగా బ్యారేజీ దాకా ఉన్న రహదారిని తెల్లవారకముందే దాటేయాలి. ఆ పదిహేను కిలోమీటర్లలో యాత్ర అనదగ్గది ఏమీ లేదు. పాత ఆనకట్ట 1952లో తెగాక కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. పొడవు 1,223 మీటర్ల పైచిలుకు, తలుపులు 70. పొద్దు పొడిచే వేళకు దాని దగ్గరికి చేరితే ఒక పక్క నిండు చెరువులాంటి నీరు, మరో పక్క ఇసుక మేటలు, మధ్యలో కొంగలు. దీని కింద సాగయ్యే భూమి రెండు గట్లూ కలిపి సుమారు 13 లక్షల ఎకరాలు.

ఇక్కడి నుంచి రెండు దారులు. ఒకటి బందరు కాలువ వెంట కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు, అంటే మచిలీపట్నం, సుమారు డెబ్బై కిలోమీటర్లు. కాలువ కట్ట తారురోడ్డుకు సమాంతరంగా నడుస్తుంది, కొన్నిచోట్ల కట్ట మీద పోవచ్చు, కొన్నిచోట్ల రోడ్డెక్కక తప్పదు. డిసెంబరు నుంచి ఉయ్యూరు చుట్టూ చెరకు ట్రాక్టర్లు బారులు తీరతాయి.

రెండోది కృష్ణ ఎడమ కరకట్ట. వరద ఊళ్ళ మీదికి రాకుండా వేసిన మట్టికట్ట మీద రోడ్డు వేశారు. యనమలకుదురు గుట్ట మీది రామలింగేశ్వరుడి గుడి దాటాక నగరం పలచబడుతుంది. పెదపులిపాక, చోడవరం, రొయ్యూరు, తోట్లవల్లూరు. కుడివైపు నది, నదిలో లంకలు, ఎడమవైపు మాగాణి. లంక నేల మీద అరటి, కంద, పసుపు, చెరకు, కూరగాయలు. ఏటా వరద మింగి, ఏటా కొత్త ఒండ్రు వేసి పోతుంది కాబట్టి ఎరువు ఖర్చు తక్కువ, గుండె ధైర్యం ఖర్చు ఎక్కువ. నదిలో నీళ్ళు లేని రోజుల్లో లంకకు ఇసుకలో బాట, ఉన్న రోజుల్లో నాటుపడవ. పాడి గేదెలు ఈదుకుంటూ వెళ్ళి సాయంత్రం ఈదుకుంటూనే వస్తాయి. ఈ దారికి ఉన్న ఒకే ఒక్క బెడద ఇసుక ట్రాక్టర్లు. అవి తగలని రోజు చూసుకుంటే, తోట్లవల్లూరు నుంచి కిందికి గంటసేపు తొక్కినా ఎదురయ్యేవి పాల సైకిళ్ళు, బడిపిల్లలు, చేపల బుట్ట కట్టిన మోపెడ్లు అంతే.

బర్గండీలో బాట పక్కన సారా గది ఉంటుంది, ఇక్కడ తాడిచెట్టు ఉంటుంది. ద్రాక్షసారాకు ఏళ్ళ తరబడి నిలవ ఉండటమే విలువ. కల్లుకు ఒక్కరోజు ఆయుష్షు. గెల చివర కోసి లొట్టి కట్టగానే అందులో పులుపు పని మొదలవుతుంది. తెల్లవారుజామున దించినది తీపి, పొద్దెక్కేకొద్దీ పులుపు, సాయంత్రానికి ఘాటు. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరా అవుతుంది. ఎగుమతికి, సీసాకు, పేరుకు లొంగని పానీయం ఇది. చెట్టు కిందికి వచ్చినవాడికే అసలు రుచి దొరుకుతుంది. ముందు ముప్ఫై కిలోమీటర్లు మిగిలి ఉన్నవారు ముంజలతో సరిపెట్టుకోవడం మంచిది.

బ్యారేజీకి సుమారు అరవై కిలోమీటర్ల దిగువన శ్రీకాకుళం. జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం వేరు, ఇది కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇక్కడి ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పుకున్నాడు. కళింగ దండయాత్రకు పోతూ ఆగిన రాజు అంత పెద్ద పని ఇంత చిన్న ఊళ్ళో తలపెట్టాడంటే నమ్మబుద్ధి కాదు. ఊరు చూశాక, నది చూశాక నమ్మబుద్ధి అవుతుంది. చుట్టూ పది, పదిహేను కిలోమీటర్ల మేరలోనే ఘంటసాల బౌద్ధ స్తూపం, క్షేత్రయ్య పదాల గోపాలుడి మొవ్వ, సిద్ధేంద్రయోగి కూచిపూడి ఉన్నాయి. టాలెమీ రాసిన కంటకస్సిల ఈ ఘంటసాలేనని పండితుల మాట. ఒక రోజు పూర్తిగా ఈ నాలుగు ఊళ్ళకే కేటాయించడం న్యాయం. కారులో వచ్చేవారు రెండు గంటల్లో ముగిస్తారు, మొవ్వకూ కూచిపూడికీ నడుమ ఎంత నేల ఉందో వారికి తెలియదు.

ఇంకా కిందికి వెళ్ళాలనుకుంటే మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ. పులిగడ్డ దగ్గర కాలువ నీటిని నదీపాయ మీదుగా దివిసీమకు దాటించే అక్విడక్టు ఉంది: కింద ఏరు, పైన కాలువ. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి అడగనక్కర్లేదు, యాభై దాటిన ప్రతి మనిషీ తానే చెబుతాడు. సముద్రం ఒడ్డున హంసలదీవి. అక్కడి దాకా పోయేవారు రాత్రికి అవనిగడ్డ చేరుకునేలా లెక్క వేసుకోవాలి.

బండి, బస

ఈ దారులకు ఖరీదైన సైకిలు అక్కర్లేదు, సన్నటి టైరు అసలు పనికిరాదు. మూడు వేళ్ళ వెడల్పు టైరు, మడ్‌గార్డులు, గట్టి కారియర్ ఉంటే చాలు. కట్ట మీద తుమ్మముళ్ళు ఎప్పుడూ రాలి ఉంటాయి. పంక్చర్ షాపు ప్రతి ఊళ్ళో ఉంటుంది, సొల్యూషన్, ప్యాచీ, నీళ్ళ తొట్టి సిద్ధమే. కానీ గేర్ల బండ్లకు వచ్చే సన్న వాల్వుకు అక్కడి పంపు తల పట్టదు, ఆ కొలత ట్యూబూ దొరకదు. రెండు ట్యూబులు, చేతి పంపు వెంట ఉండాలి. రోజుకు యాభై, అరవై కిలోమీటర్లు మించకుండా పెట్టుకుంటే ఎండకు ముందే బస చేరవచ్చు.

ఫ్రాన్సు నుంచే వచ్చిన ఇంకో సంప్రదాయం తెలుగు నగరాల్లో వేళ్ళూనుకుంది: బ్రెవె, అంటే గడువు పెట్టుకుని తొక్కే దూరపు సవారీ. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 నలభై గంటల్లో ముగించాలి. 1891లో పుట్టిన పారిస్-బ్రెస్ట్-పారిస్ దీనికి శిఖరం, 1200 కిలోమీటర్లు. ఆ పట్టుదల గొప్పదే. కరకట్టకు మాత్రం ఆ తొందర నప్పదు.

బస సంగతే ఈ దారుల బలహీనత. లువార్ వెంట ప్రతి పల్లెలో సైకిలువాళ్ళకు గది, రాత్రి భోజనం దొరుకుతాయి. డెల్టాలో లాడ్జీలున్నది ఉయ్యూరు, అవనిగడ్డ, బందరు లాంటి పట్టణాల్లోనే, మోపిదేవి లాంటి చోట్ల గుడి వసతి ఉంటుంది. దారి గుర్తులు లేవు, నీళ్ళ కుళాయిలు లేవు, నగరం పక్కన కాలువలో పారేది చాలావరకు మురుగు. హైదరాబాదు ఔటర్ రింగు పక్కన 2023లో సోలార్ పలకల నీడన 23 కిలోమీటర్ల సైకిలు బాట కొత్తగా కట్టారు. కృష్ణా డెల్టాలో కొత్తగా కట్టవలసింది ఏమీ లేదు, నూట డెబ్బై ఏళ్ళ కిందటి బాట మీద తుమ్మలు కొట్టి మైలురాళ్ళు పాతితే చాలు.

రెండు దారులూ చివరికి బందరులోనే కలుస్తాయి, కరకట్ట దారిన వచ్చేవారు చల్లపల్లి మీదుగా చేరతారు. 1669లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టిన ఫ్రెంచివాళ్ళు 1750లో ఊరంతా చేతిలోకి తీసుకుని, 1759లో ఇంగ్లీషువాళ్ళకు పోగొట్టుకున్నారు. ఒక చిన్న స్థలం మీద హక్కు మాత్రం 1947 అక్టోబరు దాకా అట్టే పెట్టుకున్నారు. ఊళ్ళో ఫ్రెంచిపేట ఇప్పటికీ ఉంది. ద్రాక్షతోటలు లేవు, ఫ్రెంచి మాట్లాడేవారూ లేరు. రెండు వీధుల అవతల లడ్డూ, హల్వా కొట్లు. డచ్చివాళ్ళ కట్టడాల శిథిలాలున్న బందరుకోట, మంగినపూడి బీచి ఇంకో పూట పని. తిరుగుదారి తొక్కే ఓపిక లేనివారికి గుడివాడ మీదుగా విజయవాడకు రైలుంది. సైకిలును లగేజీ కింద బుక్ చేయాలి, పెడళ్ళు విప్పి, చైనుకు గుడ్డ చుట్టి ఇస్తే పార్శిల్ గుమాస్తా తొందరగా ఒప్పుకుంటాడు.